పాత గట్టయ్య బాకీ

"కొత్తగ పుట్టినవంటున్నవ్. మంచిదే. మరి పాత గట్టయ్య తిన్న నా పత్తి పైసలు ఎవడియ్యాలె?"

1994 మార్చిలో, గడ్‌చాందూర్ దాటాక కోర్పనా వైపు మహారాష్ట్ర-ఆంధ్ర హద్దును ఆనుకుని ఉన్న ఒక పల్లెలో, మిరపకాయలు ఎండబోసిన వాకిట్లో నిలబడి తిరుపతమ్మ ఈ మాట అడిగింది. అడిగించుకున్న గట్టయ్యకు అప్పుడు నలభై నాలుగేళ్ళు. రెండు నెలల కిందటే వర్ధా నదిలో బాప్తిస్మం పొందాడు. చేసిన తప్పు ఒప్పుకుంటే ఎదుటివాళ్ళ కళ్ళు చెమరుస్తాయని మందిరంలో ఎవరో చెప్పారు. తిరుపతమ్మ కళ్ళు మిరప ఘాటుకే చెమర్చలేదు, ఇతని మాటకు చెమరుస్తాయా? ఆమెకు కావలసింది జవాబు. గట్టయ్య దగ్గర సాక్ష్యం ఉంది గాని జవాబు లేదు.

గట్టయ్య చంద్రపూర్ లాల్‌పేట్‌లో పుట్టాడు. తండ్రి ఆదిలాబాద్ వైపు నుంచి బొగ్గుబావి పనికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. కొడుకునూ పద్దెనిమిదో ఏట బావిలోకి దించాడు. మొదటి రోజే గట్టయ్య ఊపిరాడక పైకొచ్చేశాడు, మళ్ళీ దిగలేదు. బావిలో దిగనివాడికి లాల్‌పేట్‌లో ఏం పని దొరుకుతుంది? బొగ్గు అమ్మే చోట కాటా పట్టుకోవడం నేర్చుకున్నాడు. చేయి కుదురుగా ఉందని పేరొచ్చింది. ఆ పేరు విని పత్తి వ్యాపారి ధనరాజ్ సేటు అతన్ని పత్తి తూకానికి పిలిచాడు.

ఆ రోజుల్లో మహారాష్ట్రలో పత్తి సర్కారుకే అమ్మాలి, డబ్బేమో విడతలుగా వచ్చేది. సేటు మాత్రం రొక్కం చేతిలో పెట్టి, మూటలు బండ్లకెత్తి, హద్దు దాటించేవాడు. ఏటా నవంబరు నుంచి మార్చి దాకా గట్టయ్య సర్కారు బస్సెక్కి ఆ పల్లెలకు వెళ్ళి సేటు తరఫున తూచేవాడు.

పత్తి తరాజును మూడు కర్రల ముక్కాలికి వేలాడదీస్తారు. ఒకవైపు బాట్లు అనే ఇనప తూనికరాళ్ళు, రెండోవైపు పత్తి మూట. కాటావాడు దండెను చేత్తో పట్టి కుదురు చేస్తాడు. గట్టయ్య పట్టుకున్నప్పుడు అతని చిటికెన వేలు బాట్ల వైపు కాస్త వాలేది. అంతే. నలభై కిలోల తూకంలో ముప్పావు కిలో పత్తి అదనంగా పడితే గాని ముల్లు నడిమికి వచ్చేది కాదు. రైతు ముల్లును చూస్తాడు. వేలిని ఎవడు చూస్తాడు? అలా మిగిలిన పత్తిలో క్వింటాలుకు ముప్పై రూపాయలు సేటు గట్టయ్యకు ఇచ్చేవాడు. దాన్ని దొంగతనమని ఎవరూ అనలేదు, చేతివాటం అన్నారు. దొంగతనానికి మన భాషలో ముద్దుపేర్లకు కొదవలేదు. తొమ్మిది సీజన్లు అలా గడిచాయి. ఇంటికి టీవీ వచ్చింది, సైకిలు వచ్చింది. గట్టయ్య సుఖంగా నిద్రపోయాడు. పాపం చేసినవాడు పక్క మీద దొర్లుతాడని చెప్పేవాళ్ళు కాటావాళ్ళను చూసి ఉండరు.

అతని భార్య కమలాక్షి అప్పటికి రెండేళ్ళుగా లాల్‌పేట్‌లోని తెలుగు ప్రార్థన మందిరానికి వెళ్తోంది. అక్కడ వాక్యం చెప్పే జయప్రకాశ్ వారంలో ఆరు రోజులు ఊర్జానగర్ విద్యుత్ కేంద్రంలో స్టోరు గుమాస్తా, ఏడో రోజు పాస్టరు. గట్టయ్య మాత్రం గేటు దాటి లోపలికి వెళ్ళేవాడు కాదు. భార్యను తీసుకురావడానికి వచ్చి బయట బీడీ కాల్చుకునేవాడు.

1993 నవంబరులో మందిరంలో కోతపండుగ జరిగింది. విశ్వాసులు తొలిపంట తెచ్చి దేవుడికి సమర్పించాలి. లాల్‌పేట్‌లో ఎవరికీ సెంటు భూమి లేదు. అందుకని దుకాణంలో బియ్యం కొని తొలిపంట అని తెచ్చేవాళ్ళు. గుమ్మడికాయ, కోడిపుంజు, బియ్యం మూట, అన్నీ ఆవరణలో తూచి వేలం వేస్తారు. ఆ ఏడు తూచే మనిషి జ్వరంతో పడుకున్నాడు. "మా ఆయన ఉన్నడు గదా" అని కమలాక్షి గేటు బయట బీడీ కాలుస్తున్న మొగుణ్ణి లోపలికి లాక్కొచ్చింది.

పక్కింటి కోటేశ్వరమ్మ మూట ముక్కాలికి ఎక్కింది. గట్టయ్య దండె పట్టి, ముల్లు చూసి, "పందొమ్మిదిన్నర" అన్నాడు.

"అయ్యో, గదేంది గట్టన్నా! దుకాణంల ఇరవై తూపిచ్చి తెచ్చిన."

గట్టయ్య తన చేతి వంక చూసుకున్నాడు. చిటికెన వేలు బాట్ల వైపు వాలి ఉంది.

అక్కడ సేటు లేడు. వాటా లేదు. అర కిలో బియ్యం తగ్గితే అది వేలంలో ఎవరికో కలుస్తుంది తప్ప గట్టయ్య ఇంటికి రాదు. "మళ్ళ తూస్త" అని వేలు ఎత్తి తూచాడు. ఇరవై. కోటేశ్వరమ్మ తృప్తిగా వెళ్ళి కూర్చుంది. ఇంకెవరూ గమనించలేదు. దేవుడి బియ్యం కాజేశానని గట్టయ్య వణికిపోయాడని మందిరంలో తర్వాత కథగా చెప్పుకున్నారు గాని, అది నిజం కాదు. అతన్ని భయపెట్టింది వేరు. తొమ్మిదేళ్ళుగా తానే వేలును నడిపిస్తున్నానని అనుకున్నాడు. లాభం లేని చోట కూడా అది తనంతట తాను వంగింది. అంటే నడిపిస్తున్నది అతను కాదు.

ఆ తర్వాత రెండు ఆదివారాలు గేటు లోపల కూర్చున్నాడు. మనిషి తిరిగి పుట్టాలని జయప్రకాశ్ చెబుతుంటే పక్కవాళ్ళు పరలోకం గురించి ఆలోచిస్తున్నారు. గట్టయ్యకు పరలోకం అంత అవసరమనిపించలేదు. అతనికో కొత్త వేలు కావాలి. అది కావాలంటే మొత్తం మనిషే మారాలని చెబుతున్నారు కాబట్టి, సరే, మొత్తం మనిషికే ఒప్పుకున్నాడు. జనవరి చలిలో వర్ధా నీళ్ళలో మునిగి, పళ్ళు టకటకలాడుతుండగా పైకి లేచాడు. మెరుపు మెరవలేదు, పావురం దిగలేదు. ఒడ్డుకు వచ్చి తువ్వాలు కప్పుకున్నాక మాత్రం పెద్ద బాటు ఒకటి వీపు మీంచి దించినట్టయిందని కమలాక్షితో అన్నాడు. జీవితంలో అతను వాడిన ఒకే ఒక్క ఉపమానం అదే.

మందిరంలో సాక్ష్యం చెప్పమన్నారు. అక్కడివాళ్ళకు పెద్ద పాపాల రుచి మరిగింది. ప్రహ్లాద్ అనే హమాలీ తాను తాగి భార్యను కొట్టిన రోజుల గురించి చెబితే మందిరం మందిరమంతా ఏడ్చేది. గట్టయ్య తన చిటికెన వేలు గురించి చెబితే నవ్వింది.

సీజను ఇంకా రెండు నెలలుంది. గట్టయ్య వెళ్ళి సేటుకు చెప్పేశాడు.

"సేటూ, ఇగ నేను వేలు పెట్ట."

"పెట్టకు. ఎవడు పెట్టమన్నడు?" అన్నాడు ధనరాజ్ పాన్ నములుతూ. "సరిగ్గ తూచు. నేను క్వింటాలుకు ఇరవై రూపాయలు ధర తగ్గిస్త. రైతుకు గవే పైసలు, నాకు గవే పైసలు. నీ దేవుడు ఖుష్, నేను ఖుష్. ఇంకేంది?"

గట్టయ్య వేళ్ళ మీద లెక్కేసి చూశాడు. సేటు లెక్కలో ఒక్క పైసా తేడా లేదు. చివరికి అన్నాడు: "ధర తగ్గితే రైతుకు కనవడ్తది సేటూ. ఇంకో తాన అమ్ముకుంటడు. వేలు కనవడదు."

సేటు నమలడం ఆపి అతన్ని ఎగాదిగా చూశాడు. "నువ్వు హుషారైపోయినవ్ గట్టయ్యా. ఇగ నాకు పనికిరావు" అని అక్కడికక్కడే లెక్క తేల్చి పంపేశాడు.

పని పోయాక, తాను దోచుకున్న రైతుల దగ్గరికి వెళ్ళి ఒప్పుకోవాలనుకున్నాడు గట్టయ్య. ఎవరూ వెళ్ళమనలేదు. మొదట బాపురావు ఇంటికి వెళ్ళాడు. తరాలుగా అక్కడే పాతుకుపోయిన తెలుగు రైతు, పదిహేనెకరాల ఆసామి. గట్టయ్య తలవంచుకుని తొమ్మిదేళ్ళ సంగతి చెప్పాడు. బాపురావు పెరట్లో ఉన్న తమ్ముణ్ణి కేకేశాడు.

"దత్తూ! ఇటు రా రే! మన కాటాయన దొంగతనం ఒప్పుకుంటుండు!"

దత్తు వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.

"అరె పిచ్చోడా, మాకు తెల్వదా? నువ్వు వేలు పెడ్తున్నవని తెల్సినంకనే గదా మేం పత్తికి నీళ్ళు కొట్టుడు షురూ చేసినం!" అన్నాడు బాపురావు. "తెల్లారంగ మూటలిప్పి బిందెడు నీళ్ళు. నువ్వు ముప్పావు కిలో తీస్తే మేం కిలో పెట్టినం. హిసాబ్ చేస్తే మేమే నీకియ్యాలె. కూసో, చాయ్ తాగి పో."

ఇంకో నాలుగిళ్ళలోనూ అదే మాట, అదే చాయ్. పాపం ఒప్పుకోవడానికి బయలుదేరినవాడికి దారి పొడవునా వాటాదారులు దొరికారు. అయిదో చాయ్ కల్లా గట్టయ్య గుండె తేలికపడింది. బాకీ మొత్తం నీళ్ళతో చెల్లిపోయిందనుకున్నాడు. పల్లె దాటుతుండగా దత్తు వెనక నుంచి అరిచాడు: "నీళ్ళు కొట్టనిది తిరుపతమ్మ ఒక్కతే! పో, ఆమెకు చెప్పుకో!"

తిరుపతమ్మకు అరవై ఏళ్ళు. భర్త పోయాడు. మూడెకరాల చేను ఉంది, బండి లేదు. పత్తి మూట నెత్తిన పెట్టుకుని మైలున్నర నడిచి కాటా దగ్గరికి వచ్చేది.

"నువ్వెందుకు కొట్టలేదు పెద్దమ్మా నీళ్ళు?" అన్నాడు గట్టయ్య, అంతా చెప్పేశాక. ఆమె కూడా కొట్టి ఉంటే ఎంత బాగుండేదన్న ఆశ అతని గొంతులో దాగలేదు.

"నెత్తి మీద మోసేది నేను. పత్తి సాలదా, నీళ్ళు గూడ మొయ్యాల్నా?"

అప్పుడే ఆమె ఆ ప్రశ్న అడిగింది, పాత గట్టయ్య తిన్నది ఎవడివ్వాలని. గట్టయ్య తనకు నేర్పిన మాట చెప్పాడు. "పాత గట్టయ్య చచ్చిపోయిండు పెద్దమ్మా. నీళ్ళల్ల పాతిపెట్టిన్రు. నేను కొత్తోణ్ణి."

"ఎప్పుడు సచ్చిండు?"

"జనవరిల."

"అచ్ఛా. వాని ఇల్లెవ్వరికొచ్చింది?"

"... నాకే."

"వాని పెండ్లాం?"

గట్టయ్య వంగి, కాలి దగ్గర పడ్డ మిరపకాయ ఒకటి ఏరి కుప్పలో వేశాడు.

"గా సైకిలు?" గోడకు ఆనించిన సైకిలును ఆమె చేత్తో చూపించింది. ఆ పూట దాన్ని బస్సు మీద వేసుకుని వచ్చాడు. "ఇల్లు నీకే, పెండ్లాం నీకే, సైకిలు నీకే. బాకీ మాత్రం వానితోని నదిల కొట్టుకపాయెనా?"

తిరుగు బస్సు వర్ధా వంతెన దాటుతున్నప్పుడు గట్టయ్య కిందికి చూశాడు. నీళ్ళు మామూలుగా పోతున్నాయి. ఆ రాత్రి భోజనం కాగానే జయప్రకాశ్ ఇంటికి వెళ్ళాడు.

"క్షమాపణ పూర్తిగా దొరికింది గట్టన్నా. ఇక వెనక్కి తిరిగి చూడకండి" అన్నాడు పాస్టరు.

"అయ్యగారూ, మీ స్టోర్ల సామాను తక్కువొచ్చిందనుకో. పెద్దసారు నిన్ను మాఫ్ చేసిండు. రిజిస్టర్ సరిపోతదా?"

జయప్రకాశ్ మంచివాడు, పైగా స్టోరు గుమాస్తా. ఆ ప్రశ్నను దాటేయలేకపోయాడు. బైబిల్లో చెట్టెక్కిన పొట్టి సుంకరి కథ చెప్పాడు. పన్నుల పేరుతో జనం దగ్గర అన్యాయంగా గుంజుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానన్నవాడి కథ.

గట్టయ్య తర్వాతి వారమే ఆ కథ తీసుకెళ్ళి తిరుపతమ్మకు చెప్పాడు. తొమ్మిది సీజన్లకు నూట ముప్పై అయిదు కిలోలు, కిలో తొమ్మిది రూపాయల లెక్కన పన్నెండు వందల పదిహేను రూపాయలని ముందే తేల్చుకుని వెళ్ళాడు. కథను మాత్రం మాట వరసకే చెప్పాడు. కాని తిరుపతమ్మ అలంకారాలు వినే మనిషి కాదు.

"నాలుగింతలా? ఇచ్చిండా ఆయన?"

"ఇచ్చిండంట."

"అయితే నువ్వు గూడ గంతనే ఇయ్యి."

నాలుగు వేల ఎనిమిది వందల అరవై. ఇంటికొచ్చి చెబితే కమలాక్షి చేతిలో గరిటె కింద పడేసింది.

"నాలుగింతలని ఎవడు చెప్పమన్నడయ్యా నిన్ను? ఒక్కింతంటే ఒప్పుకునేది గదా ఆమె!"

"కథల గట్లనే ఉన్నది మరి."

"కథల ఆయన చెట్టు గూడ ఎక్కిండు. నువ్వెక్కినవా?"

అయినా మర్నాడు తన దగ్గరున్న వంద రూపాయలు తెచ్చి పెట్టుబడికి ఇచ్చింది ఆమే. గట్టయ్య పాత గట్టయ్య సైకిలుకు రెండు బుట్టలు కట్టి, ఊర్జానగర్ కాలనీలో కూరగాయలు అమ్మడం మొదలుపెట్టాడు. చేతిలో చిన్న తరాజు. తూచేటప్పుడు చిటికెన వేలు గాలిలోకి నిటారుగా లేపి ఉంచేవాడు. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఇంజనీరు గారి భార్య ఉదయశ్రీ ఒకనాడు అడగనే అడిగింది.

"ఏమయ్యా, ఆ వేలికేమైనా దెబ్బ తగిలిందా?"

"లేదమ్మా. దాన్ని పనిలకెల్లి తీసేసిన."

తీసేసినా అది రోజుకు ఒకసారో రెండుసార్లో పనిలోకి వచ్చేది. అలా వచ్చి వాలినప్పుడల్లా గట్టయ్య మళ్ళీ తూచి, ఒక టమాటా అదనంగా వేసేవాడు. బాప్తిస్మం ఒక్క రోజులో అయిపోతుంది గాని, వేలు రోజూ మునగాల్సిందే.

నెలకొకసారి గడ్‌చాందూర్ బజారులో తిరుపతమ్మకు డబ్బిచ్చేవాడు. ఒక నెల అరవై, ఒక నెల ఎనభై. ఆమె రెండుసార్లు లెక్కపెట్టి కొంగున ముడేసుకునేది. మందిరంలో అందరూ అతన్ని నూతన సృష్టి అన్నారు, బ్రదర్ అన్నారు. తిరుపతమ్మ మాత్రం ప్రతి నెలా, "వచ్చినవా పాతోడా?" అనేది. ఆ మాట గట్టయ్యకు ముల్లులా గుచ్చుకునేది. లోకంలో తాను కొత్తవాణ్ణని ఎవరో ఒకరు నిర్ధారించాలంటే అది ఆమే చేయాలని అతనికి ఎలాగో అనిపించింది. తెలిసినవాళ్ళు మెచ్చుకోవడం కాదు, నష్టపోయిన మనిషి ఒప్పుకోవాలి.

1997 వానాకాలంలో, ఆమె ఎప్పటికైనా ఒప్పుకుంటుందన్న ఆశ కూడా చెడింది. జులైలో వర్ధా పొంగి రెండు వారాలు బస్సులు నిలిచిపోయాయి. ఆగస్టులో కమలాక్షికి కడుపులో ఆపరేషను జరిగింది. సెప్టెంబరు నాటికి చేతిలో చిల్లిగవ్వ లేదు. అక్టోబరులో కాస్త డబ్బు వచ్చింది గాని, మూడు నెలలు ఎగ్గొట్టిన ముఖం పెట్టుకుని ఎలా వెళ్ళడమన్న సిగ్గు వచ్చింది. నవంబరులో ఆ సిగ్గే ఇంకాస్త పెరిగింది. కబురైనా పంపలేదు. ఆమె ఏమనుకుంటుందో అతనికి తెలుసు. పాతోడు పాతోడే.

డిసెంబరులో ఒక ఆదివారం, ఆరాధన మధ్యలో, చెప్పులు చేత్తో పట్టుకుని తిరుపతమ్మ మందిరంలోకి వచ్చింది. ఖాళీ ఉన్న చోట, కమలాక్షి పక్కనే, కూర్చుంది. గట్టయ్య మగవాళ్ళ వరసలో ఉన్నాడు. ఆమెను చూసి చేతిలోని పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇంకెవరైనా సాక్ష్యం చెప్తారా?" అన్నాడు జయప్రకాశ్ ఎప్పటిలాగే.

తిరుపతమ్మ లేచింది. "నేను చెప్త. ఈడ నిజమే చెప్పాల్నా?"

"నిజమే చెప్పాలమ్మా."

"అయితే ఇనుండ్రి. గా గట్టయ్య నాకు ఐదు నెలల పైసలియ్యలేదు."

సంఘం డబ్బు చూసే అనంతరావు, గనిలో మేస్త్రీగా పనిచేసి రిటైరైనవాడు, పరువు కాపాడదామని లేచాడు. "అమ్మా, కూసోండి. ఎంతో చెప్పండి, చందాలకెల్లి మందిరమే ఇస్తది."

"నా పత్తి మందిరం తూచిందా? మీ పైసలు నాకెందుకు?"

అనంతరావుకు కోపమొచ్చింది. "ఆయన మారిన మనిషమ్మా! గిట్ల అందరి ముంగట దొంగను చేసి మాట్లాడుడేంది?"

"దొంగ అని నేనన్ననా? నువ్వే అంటున్నవ్." తిరుపతమ్మ గొంతు పెంచలేదు. "మూడేండ్లు నెలనెలా తెచ్చిచ్చిండు. నేను ఇంటికి పోయి అడగలేదు, పంచాయితీ పెట్టలేదు. నాకు తెల్వకుంట తిన్నది తానే వచ్చి చెప్పిండు. పాతోడే అయితే నేను బస్సు కిరాయి పెట్టుకొని ఇంత దూరం వస్తనా? పాతోని తాన వసూలు చేసుటానికి ఏముంటది? ఇచ్చేటోడు గనకనే అడగొచ్చిన. పానం బాగలేదో ఏమో చూసి పోదామని గూడ వచ్చిన."

అనంతరావు కూర్చున్నాడు. గట్టయ్య లేచి ఆడవాళ్ళ వరస దాకా నడిచి, చొక్కా జేబులో ఉన్నదంతా ఆమె చేతిలో పెట్టాడు. సోమవారం సరుకుకు దాచుకున్న తొంభై రూపాయలు. తిరుపతమ్మ రెండుసార్లు లెక్కపెట్టి, కొంగున ముడేసి, "బస్సు కిరాయి పోను రాను నలభై. గది గూడ నీ లెక్కల ఎయ్యి" అంది. ముందు ఎవరో ఒకరు కిసుక్కుమన్నారు, తర్వాత మందిరమంతా నవ్వింది. ఈసారి గట్టయ్య కూడా నవ్వాడు.

ఆ మధ్యాహ్నం కమలాక్షి ఆమెను ఇంటికి తీసుకెళ్ళి పప్పు, వంకాయ కూరతో అన్నం పెట్టింది. వంకాయలో ఉప్పు తక్కువైందని తిరుపతమ్మ చెప్పింది. నాలుగింతల సంగతి మళ్ళీ మాట్లాడి ఒక్కింతకు దించగలనేమోనని కమలాక్షి ప్రయత్నించింది గాని, ఆ వంకాయ మాట విన్నాక మానుకుంది. తిరుపతమ్మ ఆ తర్వాత మందిరానికి ఎప్పుడూ రాలేదు. తన దేవుళ్ళు తనకు చాలంది. జయప్రకాశ్ ఎంతో ఉత్సాహంగా ఒక కరపత్రం ఇస్తే, చదవడం రాదని మిరపకాయల పొట్లానికి వాడుకుంది.

జనవరిలో బజారు రోజున గట్టయ్య గడ్‌చాందూర్‌లో బస్సు దిగాడు. మిరపకాయల గంప ముందు కూర్చున్న తిరుపతమ్మ దూరం నుంచే చూసింది.

"వచ్చినవా గట్టయ్యా?"

పాతోడా అనలేదు. కొత్తోడా అని కూడా అనలేదు. గట్టయ్య నిలబడి ఒక క్షణం ఆ పిలుపును తూచి చూసుకున్నాడు. సరిగ్గా ఉంది.

ఆ తర్వాత నెలలు తప్పినవి రెండో మూడో. తప్పినప్పుడు ముందే కబురు పంపాడు. గడ్‌చాందూర్ బజారులోకి కరెంటు కాటాలు వచ్చాయి. అంకెలు ఎర్రగా వెలుగుతాయి, పట్టుకోవడానికి దండె లేదు. గట్టయ్య ఒకసారి ఒక దుకాణం ముందు ఆగి దాన్ని చాలాసేపు చూశాడు. ఈ యంత్రం ముందే వచ్చి ఉంటే తనకు మందిరం గేటు దాటే పనే ఉండేది కాదు గదా అని కమలాక్షితో అన్నాడు. "అప్పుడు ఇంకో వేలు దొరికేది నీకు" అందామె.

2000 మార్చి నాటికి, బస్సు కిరాయి నలభైతో కలిపి, గట్టయ్య తిరుపతమ్మకు ఇంకా ఐదు వందల అరవై రూపాయలు బాకీ.